సీ బుక్కు రెండో వైపు

మా బండి ఎంతకు కొన్నారని ఎవరైనా అడిగితే తమ్ముడు మూడు లక్షల అరవై వేలు అంటాడు. అమ్మ ఆరు లక్షల నలభై వేలు అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు. తమ్ముడు చెప్పేది మా పనసచెట్టు కింద ఆగి ఉన్న పాత బొలెరో పికప్ ధర. అమ్మ దానికి ముందు కొని పోగొట్టుకున్న బండి ధర కూడా కలిపి చెబుతుంది. ఆ మొదటి బండి కాగితం చదివి, బాగుందని చెప్పి, సాక్షి సంతకం పెట్టింది నేను. టీటీసీ చేసి, బడిలో పిల్లలకి చదువు చెబుతున్నవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. నలభై గడప. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా, అల్లం పండిస్తాం. నా చిన్నప్పుడు సంతకి కావిడే దిక్కు. నాన్న కోడి కూయకముందే కావిడి ఎత్తుకుని బయల్దేరితే, ఉప్పు, కిరసనాయిలు తీసుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. రోడ్డు పడ్డాక షావుకారు వ్యాను ఊళ్లోకే రావడం మొదలైంది. మొదట అందరం సంతోషించాం. తర్వాత తెలిసింది, బండి ఎవరిదో ధర కూడా వాళ్లదేనని. తూకం వాళ్లదే, తరుగు వాళ్లదే. రేటు తక్కువని ఎవరైనా అంటే, "ఇష్టం లేకపోతే దించుకోండి" అనేవారు. దించుకుని ఎక్కడికి మోసుకుపోతాం?

మనకే ఒక బండి ఉంటే, ఒక సంతలో రేటు బాగోలేకపోతే ఇంకో సంతకి పోవచ్చు, గిరిజన కార్పొరేషన్ కేంద్రానికి మనమే తోలుకోవచ్చు. తమ్ముడి ఆలోచన ఇది. మంచి ఆలోచనే. ఇప్పటికీ అదే మాట అంటాను.

2018 ఫిబ్రవరిలో కాఫీ డబ్బులు చేతికొచ్చాయి. సంతలో ఎప్పుడూ కనబడే బ్రోకరొకడు కింద పట్నంలో ఒక పికప్ ఉందన్నాడు. వెళ్లి చూశాం. పచ్చరంగు కొత్తగా వేసి ఉంది. యజమాని మంచినీళ్లిచ్చి, టీ ఇచ్చి, "మాస్టారూ" అని కుర్చీ వేశాడు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందనీ, బండి తోలేవాళ్లు లేరనీ, అందుకే అమ్ముతున్నాననీ చెప్పాడు. రెండు లక్షల ఎనభై వేలకి మాట కుదిరింది. తమ్ముడివి తొంభై వేలు, అమ్మ దాచుకున్నవి నలభై వేలు, నావి యాభై వేలు. మిగిలిన లక్ష అమ్మ ఉన్న మహిళా సంఘం నుంచి అప్పు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాశారు. నేను తీసుకుని బయటికి చదివాను. "సదరు వాహనముపై ఎటువంటి అప్పులు గాని, తాకట్టులు గాని లేవు" అన్న వాక్యం దగ్గర ఆగి, అందరికీ అర్థం కావాలని రెండోసారి కూడా చదివాను. తమ్ముడు నా ముఖం వైపు చూశాడు. నేను తల ఊపాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాం. పేరు మార్పించడానికి చాలా ఖర్చవుతుందనీ, తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చనీ బ్రోకరు అన్నాడు. సీ బుక్కు అసలు కార్డు ఇంట్లో ఎక్కడో ఉంది, వెతికి పంపిస్తానని యజమాని జిరాక్సు చేతిలో పెట్టాడు. ఒక కాగితం. ఒకే వైపు. అందులో బండి నంబరు, ఆయన పేరు ఉన్నాయి. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

పది నెలలు బండి తిరిగింది. ఆ పది నెలల్లో షావుకారు వ్యాను మా ఊరికి రెండుసార్లే వచ్చింది. పొరుగు ఊళ్ల వాళ్లు కూడా తమ్ముణ్ణి పిలిచేవారు. అసలు కార్డు గురించి మూడు నాలుగుసార్లు ఫోన్ చేశాం. "పంపిస్తాను మాస్టారూ" అనేవాడు. బండి తిరుగుతోంది కదా అని ఊరుకున్నాం.

డిసెంబరులో ఒక ఉదయం నాలుగో తరగతికి లెక్కలు చెబుతుంటే ఫోన్ మోగింది. తమ్ముడు. ఘాట్ దిగాక ఐదుగురు మోటారుసైకిళ్ల మీద అడ్డం వచ్చి తాళం లాక్కున్నారట. ఫైనాన్సు వాళ్ల మనుషులు. బండిలో ఇరవై రెండు బస్తాల రాజ్‌మా ఉంది. మాది మూడు బస్తాలే. మిగతావి ఆరు ఇళ్లవి. బస్తాలు రోడ్డు పక్కన దింపించి బండి తీసుకుపోయారు. నేను చేరేసరికి తమ్ముడు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే నా దగ్గరికి పరుగెత్తి వచ్చేవాడు. ఆ రోజు లేవలేదు. సాయంత్రం దాకా చూసి, దారిన పోయే వ్యాపారి ఒకాయన అడిగిన ధరకే ఇచ్చేశాం.

మర్నాడు ఫైనాన్సు ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా కుర్రాడు కంప్యూటరులో చూసి, పదకొండు కిస్తీలు బాకీ, లక్షా తొంభై వేలు కడితే బండి తీసుకుపోవచ్చన్నాడు. అగ్రిమెంటు చూపించాను. "ఇది మీకూ ఆయనకీ మధ్య సార్, మాకేం సంబంధం?" అన్నాడు. బండి యజమాని తన దగ్గర పెట్టుకున్న అసలు కార్డు నకలు వాళ్ల ఫైలులో ఉంది. కుర్రాడు దాన్ని తిప్పి చూపించాడు. రెండో వైపు ఫైనాన్సు కంపెనీ పేరు ఉంది. హైపోథికేషన్ అన్న మాట పక్కనే. అంటే బండి అప్పు కింద తాకట్టులో ఉందని అర్థం.

అమ్మినవాడి ఫోను ఆగిపోయింది. స్టేషనుకి వెళితే ఇది సివిల్ తగాదా, కోర్టుకి పొమ్మన్నారు. బెదిరించి, బలవంతంగా బళ్లు లాక్కోకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పిందని తర్వాత ఒక వకీలు గారు చెప్పారు. ఆ మాట ఆ రోజు తెలిసి ఉంటే బస్తాలు రోడ్డు మీద పడేవి కావేమో. అయినా బండి మీద అప్పు ఉన్న మాట అబద్ధం అయ్యేది కాదు.

ఇంటికి వచ్చి జిరాక్సు అమ్మ ముందు పెట్టి జరిగింది చెప్పాను. అమ్మకి చదువు రాదు. అడ్డాకు విస్తర్లు కుడుతూ వింది. చేతిలో ఉన్న ఆకు తిప్పి, పుల్ల గుచ్చుతూ అంది:

"కుట్టేముందు ఆకు ఎనక్కి తిప్పి సూత్తామా లేదా? పురుగు ఎనక పక్కనే ఉంటాది. నువ్వు కాయితం తిప్పి సూడలేదేట్రా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సంఘం మీటింగుకి నేనే వెళ్లాను. పన్నెండు మంది ఆడవాళ్లు. అప్పు కట్టకపోతే వాళ్లెవరికీ మళ్లీ బ్యాంకులో అప్పు పుట్టదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మాస్టరు చూశాడు కదా అని ఇచ్చాం" అని మాత్రం ఒక పిన్ని అంది. నెలకి నాలుగు వేల చొప్పున ఇరవై అయిదు నెలలు అసలు నేను కట్టాను. వడ్డీ తమ్ముడు కట్టాడు, షావుకారు వ్యానుకే డ్రైవరుగా చేరి. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ ఇరవై అయిదు నెలలూ ఒక విషయం ఆలోచించాను. మా తాత వేలిముద్ర వేసి గెడ్డ పక్క పొలం పోగొట్టుకున్నాడు. ఆయనకి చదువు లేదు. మా ప్రాంతం భూములు ఇలా పోతున్నాయనే 1917లో ఒక చట్టం తెచ్చారు. తర్వాత 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని గట్టి చేశారు. వన్ ఆఫ్ సెవెంటీ అని మనందరం అనేది అదే. భూమికి ఆ చట్టం కాపలా ఉంది. బండికి ఏ ప్రత్యేక చట్టమూ కాపలా లేదు. మనం చూసుకున్నదే కాపలా. తాత చదవలేక పోగొట్టుకున్నాడు. నేను చదివి పోగొట్టుకున్నాను. నా ముందు పెట్టిన కాగితం చక్కగా చదివాను. పెట్టని కాగితం ఏదని అడగలేదు. కుర్చీ వేసి, మాస్టారూ అని పిలిచిన మనిషిని అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాను. మన ఊళ్లలో మాటకి కట్టుబడి ఉంటాం. అది మన లోపం కాదు. కాని సుప్రీంకోర్టు 2018లో, మేం బండి కొన్న ఆ ఫిబ్రవరిలోనే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని ఒక ప్రమాదం కేసులో చెప్పింది. మాట మీద అమ్ముడైన బండి చట్టం ముందు అమ్ముడైనట్టు కాదు.

2021 మార్చిలో మళ్లీ బయల్దేరాం. తమ్ముడు దాచినది కొంత, నేను ఏపీజీఎల్‌ఐలో తీసుకున్న అప్పు కొంత. ఈసారి పాడేరు నుంచి ఒక మెకానిక్కు బావని తీసుకెళ్లాం. ఆ రోజు కూలీ, భోజనం ఇచ్చాం. ఆ ఎనిమిది వందలు ఈ మొత్తం కథలో బాగా ఖర్చుపెట్టిన డబ్బు.

మొదట చూసిన బండి పైకి అద్దంలా ఉంది. బావ వెనక తొట్టిలో పరిచిన రేకు ఎత్తమన్నాడు. కింద అంతా తుప్పు. వంగి ఛాసిస్ వేలితో గోకితే పొరలు పొరలుగా రాలింది. "విశాఖ చేపల లోడు తోలారు. ఉప్పునీళ్లు కారి కారి తినేసింది" అన్నాడు. అడిగితే యజమాని ఒప్పుకున్నాడు. రంగు వేస్తే పోయే జబ్బు కాదది. వచ్చేశాం.

రెండోది 2014 బండి. రంగు వెలిసిపోయి ఉంది. ముందు రోజు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని చెప్పాం. వేడి ఇంజను జబ్బు దాస్తుందట. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి పొగ చూశాడు బావ. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. నల్లటి పొగ ఆగకుండా వస్తే డీజిలు సరిగా కాలడం లేనట్టు. ఆయిలు మూత తీసి పొగ తంతోందా అని చూశాడు. కమాను కట్టల్లో విరిగిన ఆకులున్నాయా, ఛాసిస్ మీద వెల్డింగు అతుకులున్నాయా, టైర్లు ఒక పక్కే అరిగాయా అని వెల్లకిలా పడుకుని చూశాడు. మీటరులో కిలోమీటర్లు తక్కువే ఉన్నాయి. "మీటరు తిప్పొచ్చు మాస్టారూ, పెడల్ రబ్బరు తిప్పలేరు" అని బ్రేకు పెడల్ చూపించాడు. రబ్బరు అరిగి ఇనుము కనబడుతోంది. దాన్ని చూపించే ధర ఇరవై వేలు తగ్గించాం. చివరికి ఇటుకల లోడు వేయించి ఎత్తు ఎక్కించాం. ఖాళీ బండి ఎవరు తోలినా ఎక్కుతుంది. మన ఘాట్‌లో తిరగాల్సింది లోడు బండి. క్లచ్ జారలేదు. దిగేటప్పుడు బ్రేకు ఒక పక్కకి లాగలేదు.

తర్వాత కాగితాలు. ఇది నా వంతు. అసలు కార్డు అడిగాను. తీసుకున్న వెంటనే తిప్పాను. రెండో వైపు ఒక బ్యాంకు పేరు ఉంది. గుండె ఝల్లుమంది. కాని ఆయన లోపలికి వెళ్లి, అప్పు తీరిపోయిందని బ్యాంకు ఇచ్చిన ఉత్తరం, బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 తెచ్చాడు. తాకట్టు రద్దు చేయమని రవాణా ఆఫీసుకి ఇచ్చే ఫారం అది. ఇన్నాళ్లూ ఇంట్లోనే పెట్టుకున్నాడు. ముందు అది ఆఫీసులో ఇచ్చి కార్డు మీద బ్యాంకు పేరు తీయించాకే డబ్బు అన్నాను. ఫోనులో ఎంపరివాహన్ యాప్ తెరిచి నంబరు కొట్టాను. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, బీమా ఉందా, యజమాని పేరు కలుస్తోందా చూశాను. సరుకు బళ్లకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పాత బండి కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా ధరలో లెక్కేసుకోవాలి. కట్టని చలానాలు ఉన్నాయేమో కూడా చూశాం. రెండు దొరికాయి. ఆయన చేతే కట్టించాం.

ఛాసిస్ నంబరు ఇనుము మీద చెక్కి ఉంటుంది. మట్టి పట్టి కంటికి సరిగా ఆనలేదు. నా జేబులో పెన్సిలు ఉంది. ఒకటో తరగతి పిల్లలకి రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, బొమ్మ తెప్పించడం నేర్పుతాను. అలాగే రుద్దాను. అంకెలు తెల్లగా తేలాయి. కార్డుతో ఒక్కొక్క అంకె కలిపి చూశాం. రవాణా ఆఫీసులో కూడా ఇలాగే పెన్సిలు అచ్చు తీస్తారట.

ఆ పెద్దమనిషి చివరికి విసుక్కున్నాడు. "ఇంత అనుమానమైతే ఎలా మాస్టారూ, నమ్మకం లేదా?" అన్నాడు. నాకు మళ్లీ మొహమాటం వచ్చింది. తమ్ముడు అందుకున్నాడు. "మీ మీద నమ్మకం ఉందండి. ఇంతకుముందు ఒకసారి ఎక్కువ నమ్మాం. అందుకని" అన్నాడు. ఆయన ఏమనుకున్నాడో, కుర్చీలో కూర్చుని ఆ కథ మొత్తం చెప్పించుకున్నాడు. తర్వాత విసుక్కోలేదు.

డబ్బు రెండు భాగాలుగా, బ్యాంకు ద్వారా ఇచ్చాం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాక సగం. తమ్ముడి పేరుతో కార్డు వచ్చాక సగం. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజేయాలని చట్టంలో ఉంది. బీమా కూడా పద్నాలుగు రోజుల్లో మన పేరుకి మార్చమని అడగాలి. "తర్వాత తీరిగ్గా" అన్న మాట ఈసారి ఎవరినీ అననివ్వలేదు. మోటారుసైకిళ్లు అమ్ముకునే కుర్రాళ్లకి కూడా ఇదే చెబుతున్నాను. పేరు మార్చకుండా తాళం ఇచ్చేస్తే, కొన్నవాడు ప్రమాదం చేసినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

బండి నా పేరు మీద పెట్టమని కొందరన్నారు. ప్రభుత్వ ఉద్యోగిని, కిరాయి వ్యాపారం చేయకూడదు. అదీకాక బండి తోలేది తమ్ముడు. పేరు అతనిదే ఉండాలి. అతను ఆరో తరగతిలో బడి మానేశాడు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన ఉండేది. 2019లో అది తీసేశారు. పోయిందని తెలియక బ్రోకర్లకి డబ్బు కట్టినవాళ్లని నేనే చూశాను. చదువు మధ్యలో ఆపేసిన పిల్లలు మీ ఊళ్లో ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి.

బండి వచ్చాక ఇంకో తగాదా వచ్చింది. సంత రోజు అందరూ వెనక తొట్టిలో ఎక్కేస్తారు. సరుకు యజమాని తన సరుకుతో ముందు సీట్లో కూర్చోవచ్చు. తొట్టిలో ఎక్కిన వాళ్లకి ఏదైనా అయితే బీమా రాదు. ఘాట్‌లో ఇలాంటి బళ్లు బోల్తా పడ్డ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. బస్తాలు బండిలో, మనుషులు ఆటోలో, బస్సులో అన్నాం. "మన బండే కదా, మనం ఎక్కకూడదా?" అని పెద్దవాళ్లు కోపగించుకున్నారు. మా పెద్దప్ప రెండు వారాలు మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ పూర్తిగా నిలబెట్టలేకపోతున్నాం. మొన్న వానల్లో మరదలికి అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తమ్ముడు కిందికి దించాడు. నాన్న కాలంలో అయితే డోలీయే. బిడ్డ క్షేమం. వాళ్ల అమ్మ, ఇంకో ఇద్దరు మాత్రం వెనక తొట్టిలో టార్పాలిన్ కింద కూర్చునే వెళ్లారు. దిగమని ఆ రాత్రి నేనూ చెప్పలేదు.

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో అటవీ హక్కుల పట్టా, రేషన్ కార్డు, నాన్న మరణ ధ్రువపత్రం ఉంటాయి. తమ్ముడి పేరుతో కార్డు వచ్చిన రోజు అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ముందు వైపు చూసింది. తిప్పి వెనక వైపు చూసింది. చదవలేదు కాని చాలాసేపు చూసింది. తర్వాత పట్టా పక్కన పెట్టి మూత వేసింది.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా బండి కొంటే ఆదివారం కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఇద్దరికి వద్దని చెప్పాను. సాటి ఉపాధ్యాయులకి ఒక మనవి. మన దగ్గరికి కాగితం పట్టుకొచ్చే మనిషి మనం చదివి పెడతామనే వస్తాడు. చదివి ఊరుకోకండి. ఇంకా ఏ కాగితం ఉండాలో కూడా అడగండి. తెలియకపోతే తెలియదని చెప్పి, సంతకం పెట్టకండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండి చూడబోయే ముందు మెకానిక్కుని వెంట తీసుకెళ్లండి. డబ్బు ఇచ్చే ముందు అసలు కార్డు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. ఎదుటివాడు ఏమనుకుంటాడో అని మాత్రం ఆగకండి.